బంపర్లు లేని కార్లు



మా మనుబోలు మీదుగా వెళ్ళే పెద్దరోడ్డు గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటి మద్రాసు చేరుతుంది. ఈ దారి పక్క ఊళ్ళలో పాత మిద్దెల్లో ట్రంకుపెట్టెలు తెరిస్తే, పెళ్ళి ఫోటోల అడుగున అప్పుడప్పుడూ ఒక తరహా ఫోటో బయటపడుతుంది. నలుపు తెలుపు ఫోటో. అందులో ఒక కారు. దానికి ముందూ వెనకా బంపర్లుండవు. హెడ్‌లైట్ల మీద అడ్డంగా నిలువుగా పట్టీలు అంటించి ఉంటాయి. తలుపు మీద తెల్లటి గుండ్రం, గుండ్రంలో నెంబరు. వెనక తాడు పట్టుకుని జనం. తిరగేస్తే ఒక్క అక్షరం రాసి ఉండదు. ఇంట్లోవాళ్ళనడిగితే, "మా తాతగారి కాలందేమోనండీ, ఎక్కడ తీశారో ఎవరికి తెలుసు" అంటారు.

ఇలాంటి ఫోటోలను పోల్చడం కొన్నేళ్ళుగా నాకు ఎంతో ఇష్టమైన పని. ఈ దారి పక్క ఇళ్ళలో దొరికేవి చాలావరకు షోలవరంలో తీసినవి. ఆ చోటు గురించీ, ఆ ఫోటోలను చదివే తీరు గురించీ ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను.

షోలవరం మనవైపు నుంచి వెళ్తుంటే రెడ్‌హిల్స్‌కు ఇవతలే వస్తుంది. మద్రాసు ఇంకా పాతిక ముప్పై కిలోమీటర్లు ఉందనగా దిగిపోవాలి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి అక్కడ రన్‌వేలు వేశారు. యుద్ధం ముగిశాక విమానాలు వెళ్ళిపోయాయి, రన్‌వేలు మిగిలాయి. సరిగ్గా ఇదే పరిస్థితి అప్పుడు ఇంగ్లండులోనూ ఉంది. సిల్వర్‌స్టోన్ 1943లో యుద్ధ విమానాల కోసం తెరిచిన స్థలం. 1948 నాటికి అక్కడ కార్ల పందాలు నడిచాయి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని సెబ్రింగ్ కూడా సైన్యం వదిలేసిన విమానాశ్రయమే. చదునైన నేల, వెడల్పాటి దారి, అడ్డం వచ్చే బండ్లూ పశువులూ లేని చోటు. వేగంగా నడపాలనుకునేవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి?

1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరు 1న మన నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. రాజధాని మారింది గానీ మనవాళ్ళ ప్రయాణాలు మారలేదు. పెద్ద జబ్బు చేస్తే మద్రాసే, పెళ్ళిపట్టు చీరలకు మద్రాసే, కారుకు సామాను కావాలన్నా మద్రాసే. ఏటా ఈ క్లబ్బు షోలవరంలో పందాలు పెట్టినప్పుడు ఇటునుంచి వెళ్ళేవాళ్ళకు అది పరాయి ఊరు కాదు, మద్రాసు దారిలో ఒక మజిలీ.

ట్రాక్ ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఉండేది. రన్‌వే వెంబడి బారుగా దూసుకుపోవడం, కొసన బ్రేకు వేసి ఒక్కసారిగా మలుపు తిప్పుకుని వెనక్కి రావడం. కొండదారి మలుపుల అందం అక్కడ లేదు. కానీ నేల చదునుగా ఉంది కాబట్టి దూరాన ఏ కారు ముందుందో, ఏది వెనకబడిందో నిలుచున్న చోటు నుంచే జనానికి కనపడేది. ఫోటోలు తీసేవాళ్ళకూ అదే సౌకర్యం. కార్లు బాగా నెమ్మదించేది కొసలో మలుపు దగ్గరే కాబట్టి, మన ట్రంకుపెట్టెల్లో దొరికే ఫోటోల్లో ఎక్కువ భాగం మలుపు దగ్గర తీసినవే.

దీనికి కెమెరా కారణం కూడా ఉంది. అప్పట్లో మధ్యతరగతి ఇళ్ళలో ఉన్నది ఆగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలో తయారయ్యేది. ఒక రీలుకు పన్నెండు ఫోటోలు, ఒక్కొక్కటి ఆరు సెంటీమీటర్ల చదరం. షట్టరు వేగాన్ని మార్చుకునే వీలు అందులో లేదు. పరిగెత్తే కారును తీస్తే చారలాగా వస్తుంది. తెలివైనవాళ్ళు కారుతో పాటు కెమెరానూ తిప్పుతూ మీట నొక్కేవారు. అప్పుడు కారు నిలబడుతుంది, వెనక జనం చెరిగిపోతారు. చిన్న చదరపు ఫోటో, చెరిగిన జనం, మధ్యలో ఒక మోస్తరు స్పష్టంగా ఫియట్ కారు. ఇది చూస్తే తీసినవాడు కొత్తవాడు కాడని తెలుస్తుంది. అంతకుముందు చాలా రీళ్ళు పాడుచేసి నేర్చుకున్న చెయ్యి అది.

ఇక కార్ల సంగతి. అమెరికాలో స్టాక్ కార్ల పందాలని ఒక పెద్ద సంప్రదాయం ఉంది. షోరూములో అమ్మే కారు ఎలా ఉందో అలాగే తెచ్చి పందెంలో నిలబెట్టడం దాని మూల సూత్రం. నాస్కార్ అనే సంస్థ 1948లో ఏర్పడి, 1949లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్‌లో ఆ సూత్రంతో మొదటి పందెం పెట్టినప్పుడు ముందొచ్చినవాడి స్ప్రింగులు మార్చి ఉన్నాయని గెలుపు రద్దుచేసి, రెండోవాడికి ఇచ్చారు. షోలవరంలో దీనికి దగ్గరగా ఉన్నది సెలూన్ కార్ల విభాగం. మన రోడ్ల మీద తిరిగే ఫియట్, అంబాసిడర్, మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. బరువు తగ్గించడానికి బంపర్లు ఊడదీసేవారు, సీట్లు తీసేసేవారు. దెబ్బ తగిలితే గాజు చెదరకుండా హెడ్‌లైట్లకు పట్టీలు వేసేవారు. పందెం పరుగులో బానెట్టు లేచిపోకుండా తోలు బెల్టుతో బిగించేవారు. వీటితో పాటు ఒంటి సీటు ఫార్ములా కార్లు పరుగెత్తాయి, మోటారు సైకిళ్ళు పరుగెత్తాయి. గోండల్ రాజకుటుంబం వాళ్ళు విదేశాల నుంచి కార్లు తెప్పించి నడిపారు. శ్రీలంక నుంచి పందెగాళ్ళు వచ్చేవారు. పత్రికలు వాళ్ళ ఫోటోలే వేశాయి. మన ఇళ్ళలో దొరికేవి మాత్రం ఫియట్, హెరాల్డ్ ఫోటోలే. ఎందుకంటే మనవాళ్ళకు తెలిసిన కార్లు అవే.

ఫోటో పోల్చడం మొదలుపెట్టేవాళ్ళందరూ ముందు కారును చూస్తారు. నేననేది, కారును ఆఖరున చూడండి. పందెం కారు చెప్పేది పూర్తిగా నమ్మడానికి లేదు. రంగు మారుతుంది, నెంబరు మారుతుంది, ఇంజను మారుతుంది, యజమాని మారతాడు. ఈ ఏడాది ఒకాయన నడిపిన కారును రెండేళ్ళ తర్వాత ఇంకొకాయన కొనుక్కుని ముందుభాగం మార్చేస్తాడు. పాత ఫియట్‌కు కొత్త గ్రిల్లు తగిలిస్తే, ఆ ఫోటో పదేళ్ళు చిన్నదైపోతుంది. నిజం చెప్పేది ఫోటో అంచులు. అక్కడ ఎవరూ ఏదీ దాచలేదు, అలంకరించలేదు.

మొదట ప్రకటనల బోర్డులు. వెనక ఎస్సో పేరుతో పెట్రోలు బోర్డు కనిపిస్తే ఆ ఫోటో 1970ల మొదటి భాగం దాటి రాదు. 1974లో ఎస్సో ప్రభుత్వపరమై హిందుస్థాన్ పెట్రోలియం అయింది. బర్మా షెల్ 1976లో ప్రభుత్వం చేతికి వచ్చి, తర్వాత భారత్ పెట్రోలియం అయింది. బస్సు కనిపిస్తే దాని మీద పేరు చదవండి. పల్లవన్ అని ఉంటే 1972 తర్వాతది. పక్కన ఆపి ఉన్న కార్ల నెంబరు ప్లేట్లు చూడండి. మూడు అక్షరాలు, ఆ పైన అంకెలు ఉంటే పాత పద్ధతి. 1989 జూలైలో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చాకే మనకు ఏపీ 26 అనే నెల్లూరు నెంబర్లు వచ్చాయి. కాబట్టి ఏపీ 26 బండి నిలబడి ఉన్న పందెం ఫోటోను ఎవరైనా 1970ల నాటి షోలవరం అంటే ఒప్పుకోకండి.

తర్వాత మనుషులు. ప్యాంటు అడుగున గంటలా వెడల్పయితే 1970లు. భుజాన తోలు సంచిలో ట్రాన్సిస్టరు వేలాడుతుంటే అంతకు కొంచెం అటూ ఇటూ. ప్రేక్షకుల కార్లను చూడండి, పందెం కార్లను కాదు. అక్కడ మారుతీ 800 ఒక్కటి నిలబడి ఉన్నా ఆ ఫోటో 1983 డిసెంబరు తర్వాతది, ఎందుకంటే అంతకుముందు ఆ కారు లేదు. అంబాసిడర్ ముందు గ్రిల్లు సన్నసన్న గళ్ళుగా ఉంటే మార్క్ టూ. 1975లో మార్క్ త్రీ వచ్చాక ఆ గళ్ళు పోయాయి. ఫియట్ ముందు తలుపు వెనక్కి తెరుచుకుంటే 1950ల నాటి మోడల్ పోలిక. మోటారు సైకిళ్ళ వరసలో యమహా ఆర్‌ఎక్స్ హండ్రెడ్ ఉంటే 1985కు ముందుది కాదు. ఇవన్నీ ఒక్క ఫోటోలో దొరకవు. ఒకటి రెండు దొరికితే చాలు, పదేళ్ళ దూరాన్ని రెండు మూడేళ్ళకు కుదించవచ్చు.

ఒక ఫోటో గురించి వివరంగా చెప్తాను. చదరపు కాపీ, నాలుగంచులూ రంపపు పళ్ళలా కత్తిరించినది. ఫియట్ కారు, తలుపు మీద 8 అంకె. డ్రైవరు ఎడమ పక్కన కూర్చున్నాడు. దాన్ని చూసిన ప్రతివాళ్ళూ, ఇది ఫారిన్ కారు, ఫారిన్ ఊరు అన్నారు. కానీ మూలన గొడుగు కింద నిలుచున్న ఒకావిడ పైటకొంగు కుడి భుజం మీద ఉంది. ఆమె పక్కనున్న ఇద్దరు మగవాళ్ళ చొక్కా జేబులు కుడి వైపున ఉన్నాయి. ఒకాయన గడియారం కుడి చేతికుంది. ఇంతమందికి ఒకేసారి కుడి ఎడమ కావు కదా! స్టూడియోలో కాపీ వేసేటప్పుడు నెగటివ్ తిరగబడింది. 8 అంకె ఎటు తిప్పినా ఒకలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఫోటోను అద్దం ముందు పెట్టి చూస్తే డ్రైవరు కుడి పక్కకు వచ్చాడు, వెనక దూరంగా ఉన్న బోర్డులో అరవ అక్షరాలు సరిగ్గా కుదురుకున్నాయి. అద్దంలో ఆ అక్షరాలు కూడబలుక్కుంటూ ఉంటే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఈ పని ప్రపంచంలో చాలాచోట్ల జరిగింది. ఫ్రాన్సులో జాక్ ఆన్రీ లార్తీగ్ అనే ఆయన కుర్రతనంలో తీసిన ఒక పందెం కారు ఫోటో లోకప్రసిద్ధం. వెనక చక్రం కోడిగుడ్డులా సాగి ముందుకు వాలి ఉంటుంది, జనం ఎదురు దిక్కుకు వాలి ఉంటారు. కెమెరాలో షట్టరు ఒక అంచు నుంచి రెండో అంచుకు కదిలే లోపలే కారూ, దాని వెంట తిప్పిన కెమెరా కదిలిపోవడం వల్ల వచ్చిన వాలు అది. చాలాకాలం దాన్ని 1912లో తీసిన డెలాజ్ కారు అని అచ్చువేశారు. కారు మీద 6 నెంబరును పట్టుకుని పందెం జాబితాలు తిరగేసినవాళ్ళు, అది 1913 పందెంలో పరుగెత్తిన ష్నైడర్ కారు అని తేల్చారు. తీసిన మనిషి బతికుండగానే ప్రపంచమంతా మెచ్చుకున్న ఫోటోకే ఈ గతి పడితే, పేరు లేని మన ఫోటోల మాట చెప్పాలా!

దానికన్నా నన్ను కదిలించింది డేటోనా కథ. ఫ్లోరిడాలో డేటోనా స్పీడ్‌వే కొత్తగా కట్టి, 1959 ఫిబ్రవరి 22న మొదటి 500 మైళ్ళ పందెం పెట్టారు. గీత దగ్గరికి మూడు కార్లు పక్కపక్కనే వచ్చాయి. వాటిలో ఒకటి ఒక చుట్టు వెనకబడినది. మిగిలిన రెండింట్లో 73 నెంబరు కారు నడిపిన జానీ బోషాంప్ గెలిచాడని అక్కడికక్కడ ప్రకటించారు. 42 నెంబరు లీ పెటీ నేనే గెలిచానన్నాడు. అప్పుడు నిర్వాహకుడు బిల్ ఫ్రాన్స్ ఫోటోలూ ఫిలిములూ ఎవరు తీసుంటే వాళ్ళు పంపమన్నాడు. అవన్నీ చూసి, పందెం ముగిసిన 61 గంటల తర్వాత పెటీ గెలిచాడని తీర్పు చెప్పారు. గీత పక్కన సరైన చోట నిలబడి మీట నొక్కిన మనుషులు లేకపోతే ఆ చరిత్ర ఇంకోలా ఉండేది.

షోలవరానికి అలాంటి ఫోటోలు ఎక్కడున్నాయి? మద్రాసు పత్రికల దగ్గర కొన్ని, క్లబ్బు పెద్దల ఇళ్ళలో కొన్ని. మిగిలినవి మన ట్రంకుపెట్టెల్లోనే. వాటిల్లో ఒక విశేషం ఉంది. పత్రికల ఫోటోల్లో కారు, డ్రైవరు, కప్పు ఉంటాయి. ఇంటి ఫోటోల్లో మెకానిక్కులు ఉంటారు. జాకీ పెట్టి చక్రం విప్పుతున్న కుర్రాడు, కార్బరేటరు మీదికి వంగిన మేస్త్రీ, పెట్రోలు డబ్బా మోసుకొస్తున్న చెయ్యి. ఫలితాల పట్టికల్లో వీళ్ళ పేర్లకు చోటు లేదు. వీళ్ళలో తెలుగువాళ్ళు చాలామందే. మన పల్లెల నుంచి మద్రాసు వెళ్ళి పుదుప్పేటలో, మౌంట్‌రోడ్డు వెనక సందుల్లో షెడ్లలో పని నేర్చుకున్నవాళ్ళు.

గూడూరు దగ్గర అలాంటి పెద్దాయన ఒకరికి నా దగ్గరున్న ఫోటోలు చూపించాను. ఆయన డ్రైవరు మొహం చూడలేదు, నెంబరు చూడలేదు. సంతలో ఎద్దును మచ్చను బట్టి పోల్చినట్టు కారును సొట్టను బట్టి పోల్చాడు. "ఈ కుడిపక్క మడ్‌గార్డు జూడు నాయనా. కింద చిన్న ముడత ఉందా? సుత్తేసి ఎంత కొట్టినా అది బోలా. బండి ఇద్దరు ముగ్గురు చేతులు మారింది, ముడత మాత్రం అట్నే ఉండిపొయ్యింది" అన్నాడు. ఆ ఒక్క ముడతతో, వేర్వేరు ఇళ్ళలో వేర్వేరు నెంబర్లతో దొరికిన ఫోటోలు ఒకే కారువని తేలింది. ఏ పుస్తకంలోనూ లేని సమాచారం ఆయన కళ్ళలో ఉంది. అలాంటి కళ్ళు మన మధ్య రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. నా తొందరంతా అందుకే.

తెలుగువాళ్ళు డ్రైవరు సీట్లోనూ కూర్చున్నారు. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కోయంబత్తూరు నాయుళ్ళ సంగతి మీకు తెలిసిందే. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్ షోలవరంలో కార్లు నడపడమే కాదు, తనే కార్లు తయారుచేశాడు. 1980ల చివర మారుతీ 800 ఇంజనుతో ఆయన రూపొందించిన ఫార్ములా మారుతీ, బాగా డబ్బున్నవాళ్ళకే అందుబాటులో ఉన్న ఒంటి సీటు కారును మామూలు కుర్రాళ్ళ దగ్గరికి తెచ్చింది. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు నరైన్ కార్తికేయన్ చిన్నవయసులో నడిపింది ఆ కారే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు. ఆయన చేతి కార్ల ఫోటోలు ఎవరింట్లో ఉన్నా బంగారంలా దాచుకోవాలి.

1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బు సొంత ట్రాక్ వచ్చింది. పందాలు అటు వెళ్ళిపోయాయి, షోలవరం మూగబోయింది. కొత్త ట్రాక్‌లో భద్రత ఎక్కువ, అది కావలసిన మార్పే. తాడు పట్టుకుని కారుకు అంత దగ్గరగా జనం నిలబడడం ఇవాళ ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అయినా ఒక చోటును వదిలేసినప్పుడు దాని గుర్తులు కాపాడుకోవడం వేరే బాధ్యత. నార్త్ కరోలినాలో ఒకానీచీ అనే మట్టి స్పీడ్‌వే ఉంది. 1949లో నాస్కార్ స్టాక్ కార్ల పందాల మొదటి ఏడాదిలోనే పందెం జరిగిన చోటు. 1968లో మూతపడింది. ట్రాక్ మీద చెట్లు మొలిచి అడవైపోయింది. అక్కడివాళ్ళు ఆ అడవిని కొట్టేయలేదు, ట్రాక్‌ను కాలిబాటగా మార్చి, దాన్ని చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కించారు. ఇవాళ షార్లెట్ చుట్టుపక్కల వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడున్న మన నెల్లూరు పిల్లలు సెలవునాడు ఒకానీచీ వెళ్ళి నడిచి రావచ్చు. షోలవరంలో చదివి తెలుసుకోవడానికి ఒక చిన్న పలక పెట్టినా ఎంత బాగుంటుంది!

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. లక్షల ఫోటోలు తీసుంటారు. ఫోన్ తేదీ, వేళ దానంతటదే రాసిపెడుతుంది. కానీ అదే ఫోటో వాట్సాప్‌లో చేతులు మారేసరికి ఆ వివరాలు రాలిపోతాయి. ఇరవై ఏళ్ళ తర్వాత దాన్నీ ఎవరో నాలాగా బోర్డులు చదివి పోల్చాల్సి వస్తుంది.

అందుకని ఒక విన్నపం. ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి, బాల్ పెన్నుతో వద్దు. అది అచ్చుదిగి ముందువైపుకు తేలుతుంది, సిరా పాకుతుంది. ల్యామినేషన్ అసలే చేయించకండి, ఒకసారి చేశాక మళ్ళీ ఊడదీయలేం. నల్ల కాగితం ఆల్బంలో అంటుకుపోయిన ఫోటోను గోటితో లాగకండి. ఆ పుటను అలాగే ఫోటో తీసి పెట్టండి. కాపీ తీసేటప్పుడు వెనకవైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర, కాగితం కంపెనీ పేరు అక్కడే ఉంటాయి. ముఖ్యంగా, ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించి వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. తప్పో ఒప్పో తర్వాత తేల్చుకోవచ్చు.

నా దగ్గర ఇంకా తెగని ఫోటో ఒకటుంది. స్టాండర్డ్ హెరాల్డ్ కారు. ఆ కారుకు బానెట్టు, మడ్‌గార్డులు కలిపి ముందుభాగమంతా ఒకే మూతలా ముందుకు లేస్తుంది. ఫోటోలో అలా లేపి పెట్టి ఉంది. ఇంజను పక్కన నలుగురు. ఒకాయన పంచె పైకి కట్టి, చేతిలో రెంచీ పట్టుకున్నాడు. మిగిలిన ముగ్గురూ ప్యాంట్లలో ఉన్నారు. తలుపు మీద 27. వెనక తాటిచెట్లు, ఎస్సో బోర్డులో సగం. బోర్డును బట్టి 1974కు ముందుదని తెలుస్తోంది. వెనకవైపు తెలుగులో పెన్సిలుతో "మనవాళ్ళు" అని మాత్రం రాసి ఉంది. నాయుడుపేట దగ్గర ఒక ఇంట్లో దొరికింది. మీ నాన్నగారో, తాతగారో, మేనమామో షోలవరంలో హెరాల్డ్ కారుకు పనిచేశానని ఎప్పుడైనా చెప్పి ఉంటే, ఆ నలుగురిలో పంచె కట్టినాయన ఎవరో తెలిసే అవకాశం ఉంది. ఆకాశవాణికి ఉత్తరం రాయండి, నాకు చేరుతుంది.